ఖాళీ సీసాలు పారేసేముందు



ఈ సంచికకి కూడా నన్ను పాస్‌వర్డుల గురించే రాయమన్నారు. అది వచ్చే సంచికకి వాయిదా వేసుకుని, మా వంటింట్లో సింకు కింద పేరుకున్న గాజు సీసాల గురించి రాస్తున్నాను. కారణం ఉంది. మా పాప స్నేహితురాలి కుటుంబం ఈమధ్యే ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియా వెళ్ళిపోయింది. మా పాప రెండు వారాలు కూర్చుని తన చేత్తో చేసి ఇచ్చిన సీసా మాత్రం వాళ్ళతో వెళ్ళలేదు. దాని బరువు 1,870 గ్రాములు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు సీసాల సంగతి.

ఖోబర్‌లో మా ఇంట్లో నెలకి ఎన్ని గాజు సీసాలు ఖాళీ అవుతాయో ఒకసారి రాసి పెట్టాను. మా ఆవిడ నవ్వింది గానీ లెక్క పదకొండు తేలింది. కాఫీ పొడి సీసా ఒకటి, పక్ చీజు సీసాలు రెండు, తాహినా, తేనె, ఆలివ్ కాయలు, రెండు రకాల జాములు, ఇంకా ఏవో. రంజాన్ నెలలో విమ్టో సీసాలు అదనం. 1908లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టిన ఆ ఊదారంగు షర్బత్తు ఇప్పుడు మన పక్కనే దమ్మామ్‌లో తయారై, ఉపవాసాల ముందు సూపర్‌మార్కెట్లలో గోడలు కట్టినట్టు పేర్చి ఉంటుంది. ఉపవాసాలతో పని లేని మన పిల్లలు కూడా దానికి అలవాటు పడ్డారు.

మన ఊళ్ళో అయితే ఇది సమస్యే కాదు. హార్లిక్స్ సీసా ఖాళీ అయిందంటే అమ్మమ్మకి పండగ. ఆ సీసాలోకి మినప్పప్పో చింతపండో చేరిపోయేది. ధవళేశ్వరంలో హార్లిక్స్ తయారయ్యేది గనక గోదావరి జిల్లాల్లో అది మా సొంత సరుకు అన్నట్టే చూసేవాళ్ళు. అక్కర్లేని సీసాలకి పాత సామాన్లవాడు ఉండనే ఉన్నాడు, ఉల్లిపాయలో స్టీలు గరిటో ఇచ్చి పట్టుకుపోయేవాడు. ఇక్కడ మా వీధిలో డబ్బాలు ఏరుకునేవాళ్ళు, అట్టపెట్టెలు ఏరుకునేవాళ్ళు కనిపిస్తారు. గాజు వైపు ఎవరూ చూడరు. అది వీధి చివరి చెత్త తొట్టిలో పడి పగిలి, ఆ తొట్టిలోకి దూకే పిల్లుల కాళ్ళు కోస్తుంది.

ఒక చిన్న పిట్టకథ. మనం సీసా అంటున్న మాట పారశీక భాషలోని షీషా నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. ఆ మాటకి అర్థం గాజు. ఖోబర్ కార్నిష్ దగ్గర హుక్కా పీల్చేవాళ్ళు చెప్పే షీషా కూడా అదే మాట, ఆ గాజు కుండని బట్టి వచ్చిన పేరు. ఇంగ్లీషువాళ్ళ జార్ అరబ్బీ జర్రా నుంచి వెళ్ళింది. కాబట్టి ఈ వ్యాసం సౌదీ నుంచి రాయడం సబబే.

శుభ్రం చేయడం

లేబులు తీయడమే పెద్ద పని అనుకుంటారు. వేసవిలో అది సులువు. జులైలో మన చన్నీళ్ళ కుళాయిలో వచ్చేవి కూడా వేడినీళ్ళేగా, మిద్దె మీది ట్యాంకు ఎండకి కాగిపోయి. బకెట్టులో ఆ నీళ్ళు పట్టి, గిన్నెలు తోమే సబ్బు కాస్త వేసి, సీసాలు ఒక రాత్రి మునిగేలా ఉంచితే కాగితం దానంతటదే ఊడి వస్తుంది. జిగురు మిగిలిపోతే వంటనూనె, బేకింగ్ సోడా సమపాళ్ళలో కలిపి రాసి, 20 నిమిషాలు ఆగి పాత గుడ్డతో రుద్దండి. చాలా జిగుళ్ళు నీటికి కరగవు, నూనెకి మెత్తబడతాయి. సోడా పలుకులు గీత పడకుండా గీకుతాయి. దానికీ లొంగని జిగురుకి గోళ్ళరంగు తుడిచే ద్రవం వాడాలి. కిటికీ తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచి.

వాసన మాట వేరు. ఆలివ్ సీసాని ఎంత కడిగినా వాసన వస్తోందని చాలామంది అంటారు. గాజు వాసన పీల్చదు. ఆ వాసన మూతలోది. మూత లోపల అంచు చుట్టూ మెత్తటి పొర ఒకటి ఉంటుంది చూడండి, గాలి చొరకుండా బిగువు ఇచ్చేది అదే, వాసన దాచుకునేదీ అదే. సోడా ముద్ద రాసి ఒక రోజు ఉంచి, కడిగి, రెండు రోజులు బాల్కనీ ఎండలో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆ మూత తిండి వస్తువులకి పనికిరాదని ఒప్పుకుని బొత్తాలకో మేకులకో వాడుకోవాలి. ఆలివ్ వాసన వేసే సున్నుండలు ఎవరికీ ఇవ్వకండి. మేము ఒకసారి ఇచ్చాం.

వేడి సంగతి

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మా ఇంట్లో నెయ్యి పోయింది, చెయ్యి కొద్దిలో తప్పింది.

కిందటి ఏడాది వెన్న కాచి, అప్పుడే పొయ్యి మీంచి దించిన నెయ్యిని తేనె సీసాలో పోశాను. సీసా ఏసీ గదిలో చలువ గచ్చు మీద ఉంది. టప్పుమని చిన్న చప్పుడు, అడుగు గుండ్రంగా ఊడి వచ్చింది, నెయ్యి గచ్చు మీద పారింది. తప్పు సీసాది కాదు.

జాములు, కాఫీలు వచ్చే సీసాలు మామూలు సోడా-సున్నపు గాజు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1,500 డిగ్రీల దగ్గర కరిగించి పోస్తారు. ఈ గాజు వేడికి బాగానే వ్యాకోచిస్తుంది గానీ వేడిని త్వరగా ఒక చోటినుంచి ఇంకో చోటికి పంపదు. వేడి నెయ్యి తగిలిన లోపలి వైపు సాగుతుంది, చల్లటి గచ్చు తగిలిన బయటి వైపు సాగదు. ఆ లాగులాటలో పగులు పుడుతుంది. ఇలాంటి సీసాలు ఒక్కసారిగా సుమారు 40 డిగ్రీల తేడాని తట్టుకుంటాయని లెక్క వేసుకోవచ్చు. ఏసీ గదిలో 23 డిగ్రీల సీసాకీ, కాగిన 110 డిగ్రీల నెయ్యికీ తేడా 87. ప్రయోగశాల గాజు, ఓవెన్ గిన్నెల గాజు బోరోసిలికేట్, అది మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది. జాము సీసా ఎంత మందంగా ఉన్నా అది కాదు. నిజానికి మందం ఎక్కువైతే లోపలికీ బయటికీ తేడా ఇంకా పెరుగుతుంది.

కాబట్టి నెయ్యి, బెల్లం పాకం, కరిగించిన మైనం, ఏదైనా చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పోయండి. సీసా కింద మడిచిన తువ్వాలు వేయండి. వేడిగా ఉన్న సీసాని తడి గుడ్డ మీద పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని నేరుగా ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెట్టినా అదే ముప్పు.

తినే కానుకలు

నాకు నచ్చినవి ఇవే, ఎందుకంటే తిన్నాక సీసా మళ్ళీ తిరిగి వస్తుంది. మా పైఅంతస్తులో సూడాన్ కుటుంబం ఉంది. ఒకసారి ఆమె అల్ అహ్సా ఖలాస్ ఖర్జూరాలు సీసాలో పెట్టి పంపింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మనకి అలవాటు గదా, మా ఆవిడ అదే సీసాలో జంతికలు నింపి పంపింది. వాళ్ళకీ అదే అలవాటని తర్వాత తెలిసింది. ఆ సీసా ఇప్పటికి రెండేళ్ళుగా మెట్లెక్కి దిగుతోంది. ఎవరిదో మర్చిపోయాం.

పొడులు సీసాలకి సరిగ్గా సరిపోతాయి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. ఒకటే షరతు, లోపల చుక్క తడి ఉండకూడదు. ఆగస్టులో ఖోబర్ గాలిలో ఉండే చెమ్మ తెలుసుగా. కడిగిన సీసాని రాత్రంతా బోర్లించి, ఉదయం అరగంట ఎండలో పెట్టి, మూత విడిగా ఆరబెట్టి, పొడి పూర్తిగా చల్లారాక నింపండి. గోరువెచ్చగా నింపితే మూత లోపల ఆవిరి పట్టి మూడో రోజుకే బూజు వస్తుంది.

పిల్లలతో కలిసి చేయడానికి పొంగలి సీసా బాగుంటుంది. అరలీటరు సీసాలో 200 గ్రాముల బియ్యం, దాని మీద 150 గ్రాముల పెసరపప్పు, ఆ పైన గుప్పెడు జీడిపప్పు, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర. తెలుపు, పసుపు పొరలు పొరలుగా కనిపిస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. మెడకి జనపనార తాడు కట్టి, దానికి చీటీ కట్టండి. లీటరున్నర నీళ్ళు, కుక్కర్లో నాలుగు కూతలు, నెయ్యి, అల్లం, ఉప్పు మీవి అని రాయండి.

మొదటిసారి దీన్ని జుబైల్‌లో షేరింగ్ రూములో ఉండే ఒక తమ్ముడికి ఇచ్చాం. సంక్రాంతికి సెలవు దొరకలేదతనికి. ఫోన్ చేసి, "అన్నా, పొంగలి బాగుంది, కానీ మిరియాలు ఏవి?" అన్నాడు. బియ్యం, పప్పు కడుగుతారు కదా! కడిగిన నీళ్ళతో మిరియాలు, జీలకర్ర అన్నీ సింకులోకి పోయాయి. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తప్పుని వాడుకునేవాడే పట్టుకుంటాడు, రాసినవాడికి కనిపించదు. ఇప్పుడు పోపు సామాను, జీడిపప్పు చిన్న కాగితం పొట్లంలో కట్టి పైన పెడుతున్నాం. పొరల అందం కాస్త తగ్గింది. పొంగలిలో మిరియాలు ఉన్నాయి.

ఇంట్లోవాళ్ళతో పాటు దూరంగా ఒంటరిగా ఉండేవాళ్ళని కూడా లెక్కలో వేసుకోండి. మన సభ్యుల్లో కుటుంబాలని ఊళ్ళో వదిలి క్యాంపుల్లో ఉండేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి అలంకరించిన ఖాళీ సీసా ఇస్తే ఎక్కడ పెట్టుకుంటారు? మంచం పక్క అర ఒక్కటే ఉంటుంది. వాళ్ళకి నిండు సీసా ఇవ్వాలి.

ఊరగాయ దగ్గర రెండు మాటలు. ఆవకాయ, మాగాయ లాంటివి ఉప్పు, పులుపు రెండూ దండిగా ఉన్నవి. అవి ఇనుప రేకు మూతని తినేస్తాయి. లోపలి పూత గీసుకున్న చోట తుప్పు మొదలై పచ్చడిలోకి దిగుతుంది. కాఫీ సీసాలకి ప్లాస్టిక్ మూత ఉంటుంది, ఊరగాయకి అవి ఎంచుకోండి. ఇక పచ్చి వెల్లుల్లి ఒక్కటే నూనెలో వేసి అందంగా కానుకగా ఇవ్వడం ఈమధ్య వీడియోల్లో చూపిస్తున్నారు. అది వద్దు. పులుపు, ఉప్పు లేకుండా, గాలి తగలకుండా నూనె కింద ఉన్న వెల్లుల్లిలో ప్రాణాంతకమైన విషం పుట్టించే బాక్టీరియా పెరగగలదు. వాసనా రంగూ మారవు కాబట్టి తెలియదు కూడా. మన ఆవకాయలో వెల్లుల్లి ఉన్నా ఆ భయం లేనిది మామిడి పులుపు వల్లా ఉప్పు వల్లా.

దీపాలు

ఇక్కడ మన పండగలన్నీ ఇంటి గడప లోపలే. దీపావళికి గుమ్మం ముందు వరస దీపాలు పెట్టే వీలు లేనివాళ్ళు కిటికీ లోపల సీసాల్లో పెడుతుంటారు. అందంగానే ఉంటుంది. కానీ ఎక్కువ ప్రమాదాలు జరగగలిగేదీ ఇక్కడే.

టీ లైటు కొవ్వొత్తిని నేరుగా సీసా అడుగున పెట్టకండి. మైనం అయిపోయే సమయానికి ఒత్తి కింది రేకు కాలి, ఆ ఒక్క చోట అడుగు వేడెక్కుతుంది. పైన చెప్పిన నెయ్యి కథే మళ్ళీ. అడుగున బొటనవేలి మందం ఇసుక పోయండి. మనకి ఇసుకకి కరువా! అయితే సముద్రపు ఒడ్డుది కాదు, పొడి ఇసుక, రెండు రోజులు ఎండబెట్టింది.

సన్న మూతి సీసాలో దీపం నల్లటి మసి కడుతుంది. వేడి గాలి పైకి పోవాలన్నా, కొత్త గాలి లోపలికి రావాలన్నా ఒకటే దారి. దారి ఇరుకైతే మంటకి గాలి చాలదు, సరిగ్గా మండని మైనమే ఆ మసి. అందుకని పొట్టిగా, వెడల్పు మూతి ఉన్నవి తీసుకోండి. విమ్టో సీసాలాంటి వాటిలో చిన్న ఎల్‌ఈడీ తీగ వేసి వెలిగించండి, అవి దానికే పుట్టినట్టుంటాయి.

నాకన్నిటికన్నా నచ్చేది నీటి దీపం. చీజు సీసాలో సగానికి నీళ్ళు పోసి, చిటికెడు పసుపు గానీ రెండు మందార రేకులు గానీ వేసి, పైన అర అంగుళం నూనె పోయండి. నూనె నీటికంటే తేలిక, పైనే నిలుస్తుంది. పలచగా కోసిన కార్కు బిళ్ళకి రేకు చుట్టి, మధ్య కన్నం చేసి ఒత్తి దూర్చి తేలనివ్వండి. నూనె అయిపోగానే ఒత్తి నీటికి తగిలి దీపం దానంతటదే కొండెక్కుతుంది. గాజు కూడా అంతగా వేడెక్కదు, కింద నీళ్ళున్నాయి కాబట్టి. అయినా తెర పక్కనా, ఏసీ గాలికి ఎదురుగా పెట్టొద్దు. రంగు వేసిన సీసాలో ఏ మంటా వద్దు. కర్పూరం అసలు వద్దు.

సీసా మీద ముగ్గు

రంగుల పని పిల్లలకి ఇష్టం. మా శుక్రవారం తరగతిలో అందరూ పువ్వులు గీస్తుంటే మా పాప ముగ్గు వేస్తానంది. అప్పుడు అర్థమైంది, సీసా మీద ముగ్గు వేయడం గచ్చు మీద వేసినట్టు కాదు. గచ్చు మీద ముగ్గుకి అంచులుంటాయి. సీసా చుట్టూ వెళ్ళే ముగ్గు తిరిగొచ్చి తనని తాను కలుసుకోవాలి. 15 నుంచి 8 సందు చుక్క లాంటివి చివరికి సన్నబడతాయి, చుట్టూ తిప్పడానికి కుదరవు. వరస చుక్కల మెలిక ముగ్గే కావాలి.

మా సీసా చుట్టుకొలత 26 సెంటీమీటర్లు. పాప 2 సెంటీమీటర్లకొక చుక్క పెట్టింది, 13 వచ్చాయి. నాలుగు చుక్కలకొకసారి తిరిగే మెలిక 13లో ఇమడదు, చివర ఒక చుక్క దిక్కులేనిదై మిగిలింది. 12 పెడితే మూడు మెలికలు సరిగ్గా కూర్చుంటాయి. లెక్కలు అక్కర్లేకుండా ఒక దారుంది. సీసా చుట్టుకొలత ఎంతో అంత పొడుగు కాగితం పట్టీ కత్తిరించండి. సగానికి మడవండి, ఇంకోసారి సగానికి మడవండి, దాన్ని మూడు మడతలు పెట్టండి. విప్పితే 12 గళ్ళు. ఆ గళ్ళ మీద ముగ్గు గీసి, కాగితాన్ని సీసా లోపల చుట్టి పెట్టి, బయటినుంచి కనిపించే గీతల మీద రంగు వేసుకుంటూ పోవడమే. కాగితం లోపల కాస్త బిగుతవుతుంది, చివర చిన్న ముక్క మీద మీద పడితే ఫరవాలేదు.

రంగు వేసేముందు గాజుని స్పిరిట్‌తో తుడవండి. కరోనా నాటి శానిటైజర్ ప్రతి ఇంట్లో ఇంకా మిగిలే ఉంది, దానికిది మంచి ఉపయోగం. వేలిముద్రల జిడ్డు మీద రంగు నిలవదు. యాక్రిలిక్ తెలుపు, చుక్కలకి అగరొత్తి పుల్ల చివర. మూతి దగ్గర వేలెడు మేర రంగు లేకుండా వదలాలి, తిండి, పెదవులు తగిలే చోటు అది. లోపలి వైపు ఎప్పుడూ రంగు వేయకండి. రంగు పూర్తిగా గట్టిపడడానికి మూడు వారాలు ఆగి, ఆ తర్వాత కూడా చేత్తోనే మెల్లగా కడగాలి, డిష్‌వాషర్ వద్దు.

రంగు కుదరని చిన్నపిల్లలకి పాత గాజులు ఇవ్వండి. మనకి గాజు అన్నా గాజులన్నా ఒకే మాట గదా. చేతికి పట్టని గాజుల్ని సీసాకి తొడిగి, అక్కడక్కడ జిగురు చుక్క పెడితే పెన్నుల సీసా తయారు. పగిలిన ముక్కలు మాత్రం పెద్దవాళ్ళే అతికించాలి. మా అమ్మ చిన్నప్పుడు గాజుముక్కల్ని దీపం మీద వేడి చేసి గొలుసులు అల్లేదట. మా పాపకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

1,870 గ్రాములు

ఆ ముగ్గు సీసానే మా పాప తన స్నేహితురాలికి ఇద్దామనుకుంది. లీటరు సీసా. హాఫ్ మూన్ బేలో ఇద్దరూ కలిసి ఏరిన గవ్వలు, ఆ ఒడ్డునే తీసిన ఇసుక నింపింది.

ఎందుకు వెళ్ళిపోతున్నారని పిల్లలు అడుగుతారు. కారణం మనకందరికీ తెలిసిందే. 2017 జులైలో కుటుంబ సభ్యుల మీద రుసుము మొదలైంది, మనిషికి నెలకి 100 రియాళ్ళు. ఏటా వందేసి పెరిగి 2020 జులైకి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకి 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. దాని మీద బడి ఫీజు, ఇంటి అద్దె. అందుకని మనలో వీడ్కోలు భోజనాలు పుట్టినరోజులంత మామూలైపోయాయి. అన్నిటికన్నా ఎక్కువగా మనం ఇచ్చుకునే కానుక వెళ్ళిపోయేవాళ్ళకిచ్చేదే.

వాళ్ళింటికి వెళ్ళేసరికి హాలంతా సూట్‌కేసులు, మధ్యలో తూకం. ఆమె సీసా చూసి ఎంతో బాగుందంది, పాపని ముద్దుపెట్టుకుంది, ఆనక తూకం మీద పెట్టింది. ఏమీ అనలేదు. ఆయన ఒక పెట్టె విప్పి కుక్కర్ బయటికి తీశాడు, మళ్ళీ మూసి తూచాడు. అప్పటికీ ఎక్కువే. ఇసుక తీసేసినా సీసా, గవ్వలు కలిసి 590 గ్రాములు, అదీ పెట్టె లోపల పగలకుండా చేరితే. సెలవుల్లో మేమే తెచ్చి ఇస్తాంలే అన్నాను. "అప్పటికి మర్చిపోతుంది నాన్నా" అంది మా పాప. ఎవరు, దేన్ని మర్చిపోతారో నేను అడగలేదు.

ఆ రాత్రి సింకు కింద వెతికితే హోటల్లో ఫలహారంతో ఇచ్చే 28 గ్రాముల చిన్న జాము సీసాలు రెండు దొరికాయి. ఇసుక లేదు. రెండేసి గవ్వలు, చుట్టి పెట్టిన చిన్న చీటీ, మూత మీద తెల్ల రంగుతో నాలుగు చుక్కల ముగ్గు. సీసా, మూత, గవ్వలు అన్నీ కలిసి ఒక్కోటి 75 గ్రాములు. ఒకటి ఆ పిల్ల స్కూలు బ్యాగు ముందు జేబులో విమానం ఎక్కింది, ఒకటి మా కిటికీలో ఉంది. చీటీలో ఏముందో నాకు చూపించలేదు. పెద్ద సీసాలో ఇప్పుడు కందిపప్పు పోస్తున్నాం.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. వెళ్ళిపోయేవాళ్ళకిచ్చే సీసా నిండాక 100 గ్రాములు దాటకూడదు. అందులో ద్రవం ఉండకూడదు. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాన్ని రానివ్వరు, పచ్చడి, నెయ్యి, తేనె కూడా ఆ లెక్కలోకే వస్తాయి. గవ్వలైతే సరే, పగడం ముక్కలు మాత్రం ఏరకండి. వాటిని తీసుకెళ్ళడం చట్టరీత్యా చిక్కు. పెద్ద సీసా పంపక తప్పకపోతే మూత తీసి విడిగా చుట్టి, సీసా లోపల మేజోళ్ళు కుక్కి, బట్టల మధ్య పెట్టె నడిమధ్యలో పెట్టండి. గోడకి ఆనించి పెడితే చేరదు.

ఇవే చిన్న సీసాలు పసుపు కుంకుమకి కూడా బాగుంటాయి. శ్రావణమాసంలో తాంబూలంతో ఇచ్చే ప్లాస్టిక్ డబ్బీలు ఇంటికి వెళ్ళగానే చెత్తలోకి పోతాయి, ఈ సీసాలు పోవు. ఒక సభ్యురాలు వంతెన దాటి మనామా శ్రీనాథ్‌జీ గుడికి వెళ్ళినప్పుడల్లా కుంకుమ తెచ్చి వీటిలో పోసి పంచుతారు. రెండు వందల ఏళ్ళ నాటి గుడి కుంకుమ ఒక జాము సీసాలో మా దేవుడి అరలో ఉంది. జాము వాసన పూర్తిగా పోయాకే పోయండి, చీమలు పడతాయి.

వరలక్ష్మీ వ్రతానికి ముందు మా శుక్రవారం తరగతిలో పిల్లలు ఇలాంటివి 60 చేయాలనుకుంటున్నారు. ఇప్పటికి 22 చేరాయి. హోటల్ ఫలహారాల దగ్గర మీకు కనిపిస్తే, తిన్నాక ఖాళీది అడిగి తీసుకుని కడిగి పంపండి. మూతలు తప్పకుండా ఉండాలి. మూత లేని సీసాలు ఇప్పటికే పద్నాలుగు ఉన్నాయి మా దగ్గర, వాటిలో మనీప్లాంటు వేశాం. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళొచ్చు.